తెర లేవకముందే కుప్పకూలితే...

డబుల్ క్లిక్ చేస్తే లోగో ఒక్కసారి మెరిసి మాయమవుతుంది. మళ్లీ నొక్కినా అదే తంతు. వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఇలా మొండికేసినప్పుడు చాలామంది మొదట చేసే పని సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టించడం. నిజానికి అది ఆఖరిది కావాలి.

2019 సెప్టెంబరు 23, సోమవారం సాయంత్రం. లాస్ ఏంజెలెస్‌లో సినిమాలు, టీవీ ధారావాహికలు తయారయ్యే ఎడిటింగ్ గదుల్లో ఆపిల్ మ్యాక్ ప్రో కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. రీస్టార్ట్ చేసినవి తిరిగి లేవలేదు. ఆ గదుల్లో ఉన్నది ఎవిడ్ మీడియా కంపోజర్, హాలీవుడ్ దశాబ్దాలుగా నమ్ముకున్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్. సహజంగానే వేళ్లన్నీ దానివైపే చూపాయి. వైరస్ దాడి జరిగిందేమోనన్న అనుమానం కూడా రేగింది. నడుస్తున్న సిస్టమ్‌ను ఆపొద్దు, రీస్టార్ట్ చేయొద్దు అన్న హెచ్చరిక ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు పాకింది.

ఒకటి రెండు రోజుల్లో అసలు దోషి దొరికింది. అది ఎవిడ్ కాదు. వైరస్ అంతకన్నా కాదు. గూగుల్ క్రోమ్ బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు తాజాగా ఉంచే అప్‌డేట్ ప్రోగ్రామ్! దాని కొత్త వెర్షన్‌లో దొర్లిన పొరపాటు వల్ల మ్యాక్ సిస్టమ్‌కు ప్రాణాధారమైన ఒక ఫైల్ లింకు చెరిగిపోయింది. మామూలు మ్యాక్‌లలో ‘సిస్టమ్ ఇంటెగ్రిటీ ప్రొటెక్షన్’ అనే కవచం ఉంటుంది కనుక వాటికేమీ కాలేదు. బయటి కంపెనీల గ్రాఫిక్స్ కార్డులు, వీడియో పరికరాలు పనిచేయాలని చాలా ఎడిటింగ్ గదుల్లో ఆ కవచాన్ని తీసేసి ఉంచారు. దెబ్బ వాటికే తగిలింది. గూగుల్ ఆ అప్‌డేట్‌ను ఆపేసి, రికవరీ మోడ్‌లో ఏ ఆదేశాలు టైపు చేయాలో ప్రకటించాక యంత్రాలు మళ్లీ లేచాయి.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్రాష్ అయిందని గుండెలు బాదుకునే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సిన సంఘటన ఇది. పడిపోయినదే తప్పు చేసిందని అనుకోవడానికి లేదు. పక్కన ఉన్నది ఏదో తోసి ఉండవచ్చు.

ఫార్మాట్‌తో పోయేవేమిటి?

తెలుగునాట ముహూర్తాల సీజన్ వచ్చిందంటే ఫొటో, వీడియో స్టూడియోలకు నిద్ర ఉండదు. హల్దీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్... ఒక్కో ఫంక్షన్‌కు రెండు మూడు కెమెరాలు, పైన డ్రోన్. వందల జీబీల ఫుటేజ్ వచ్చి పడుతుంది. జపాన్‌కు చెందిన కనోపస్ తయారు చేయగా తర్వాత గ్రాస్ వ్యాలీ చేతికి వెళ్లిన ఎడియస్, అడోబీ ప్రీమియర్ ప్రో, డావిన్సీ రిజాల్వ్... వీటిలో ఏదో ఒకటి తెల్లవార్లూ నడుస్తూనే ఉంటుంది. అలాంటి రోజుల్లో సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే కంగారు పుట్టడం న్యాయమే. ఆ కంగారులో ఎడిటర్ దగ్గర్లోని కంప్యూటర్ షాపుకు ఫోన్ చేస్తాడు. అవతలి నుంచి తరచూ వచ్చే సమాధానం ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం అన్నా, సెట్ అయిపోద్ది.’

కొన్నిసార్లు నిజంగానే సెట్ అవుతుంది. కానీ ఏళ్లుగా పోగుచేసుకున్న ప్లగిన్లు, కలర్ ప్రీసెట్లు, టైటిల్ టెంప్లేట్లు, ఫాంట్లు అన్నీ ఆ దెబ్బతో పోతాయి. రిజాల్వ్ వాడేవారికి పొంచి ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. ప్రీమియర్‌లో ప్రాజెక్ట్ ఒక మామూలు ఫైలు, ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు. రిజాల్వ్ అలా కాదు, ప్రాజెక్టులన్నిటినీ తన సొంత డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. ఎడిటర్ ప్రత్యేకంగా మార్చుకోకపోతే విండోస్‌లో ఆ డేటాబేస్ ఉండేది సీ డ్రైవ్‌లోనే. ఫుటేజ్ అంతా డీ డ్రైవ్‌లో భద్రంగా ఉందన్న ధీమాతో సీ డ్రైవ్‌ను తుడిచేస్తే క్లిప్పులు మిగులుతాయి, వాటిని కోసి కూర్చిన పనంతా పోతుంది. సాఫ్ట్‌వేర్ తెరుచుకోని స్థితిలో ప్రాజెక్టును ఎక్స్‌పోర్ట్ చేయడం కుదరదు కాబట్టి, యూజర్ ఫోల్డర్ లోపల యాప్‌డేటాలో రిజాల్వ్ తయారీదారు బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ పేరుతో ఉన్న ఫోల్డర్ మొత్తాన్ని వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాకే మిగతా ఏ ప్రయత్నమైనా మొదలుపెట్టాలి.

ఆ కొద్ది క్షణాల్లో...

మొదలవుతూనే పడిపోయే సాఫ్ట్‌వేర్‌లో ఒక మేలుంది. పని మధ్యలో ఎప్పుడో ఒకసారి క్రాష్ అయితే కారణం పట్టుకోవడం చాలా కష్టం. ఆరంభంలోనే కూలేది మాత్రం రోజూ ఒకే చోట, ఒకే క్రమంలో కూలుతుంది. కాబట్టి వెతకాల్సిన చోటు చిన్నది.

లోగో తెర మీద ఉన్న ఆ కొద్ది సెకన్లలో లోపల చాలా పని జరుగుతుంది. పోయినసారి వదిలేసిన సెట్టింగులు చదవాలి. కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ల జాబితా కట్టాలి. ప్లగిన్లను ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఏది, దాని శక్తి ఎంత అని అడిగి తెలుసుకోవాలి. సౌండ్ పరికరంతో చేయి కలపాలి. లైసెన్సు సరిచూసుకోవాలి. ఇందులో ఏ ఒక్కటి తేడా కొట్టినా మొత్తం మూతపడుతుంది. చాలా సాఫ్ట్‌వేర్లు లోగో కింద చిన్న అక్షరాల్లో ఆ క్షణాన ఏది లోడ్ అవుతోందో రాస్తూనే ఉంటాయి. ఆ చివరి వాక్యాన్ని ఫోన్ కెమెరాతో వీడియో తీసి నెమ్మదిగా చూస్తే సగం దర్యాప్తు అక్కడే తేలిపోతుంది.

ఒకప్పుడు ప్రీమియర్ వాడినవారికి ‘ఇంపోర్టర్ క్విక్‌టైమ్’ అన్న మాట దగ్గర ఆగిపోయిన తెర బాగా గుర్తుండే ఉంటుంది. ఆపిల్ వారి వీడియో సాఫ్ట్‌వేర్ క్విక్‌టైమ్ మీద ఆధారపడిన భాగం అది. 2016లో విండోస్ కోసం క్విక్‌టైమ్‌ను నవీకరించడం ఆపిల్ మానేసింది. అదే ఏడాది ట్రెండ్ మైక్రో సంస్థ అందులో రెండు భద్రతా లోపాలను బయటపెట్టింది. దాన్ని తీసేయాలని అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగమే సూచించింది. అప్పటికి ఎడిటింగ్ రంగమంతా దాని మీద ఆధారపడి ఉంది. ఉంచితే ప్రమాదం, తీస్తే కొన్ని ఫైళ్లు తెరుచుకోవు. ఒక సాఫ్ట్‌వేర్ నడవడం ఇంకెవరో రాసిన మరో సాఫ్ట్‌వేర్ ఆయుష్షు మీద ఆధారపడుతుందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మొదటి అనుమానితుడు: సెట్టింగుల ఫైలు

కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు, సాఫ్ట్‌వేర్‌ను బలవంతంగా మూసినప్పుడు సెట్టింగుల ఫైలు రాయడం సగంలోనే ఆగిపోవచ్చు. తర్వాతిసారి దాన్ని చదవబోయి సాఫ్ట్‌వేర్ కూలిపోతుంది. అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్లీ ఎక్కించినా ఫలితం ఉండకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. సాఫ్ట్‌వేర్‌ను తీసేసినా ఈ ఫైలు యూజర్ ఫోల్డర్‌లో అలాగే మిగిలిపోతుంది. కొత్తగా ఎక్కించింది కూడా వచ్చీ రావడంతోనే అదే చెడ్డ ఫైలును చదువుతుంది.

దీన్ని సరిచేసే దారిని కంపెనీలే పెట్టాయి, తెలిసినవారే తక్కువ. ప్రీమియర్ ప్రో ఐకాన్‌ను తెరిచిన వెంటనే విండోస్‌లో ఆల్ట్, మ్యాక్‌లో ఆప్షన్ కీని పట్టుకుంటే సెట్టింగులు తొలి స్థితికి వెళ్తాయి. ఈమధ్య వెర్షన్లలో అయితే ఒక చిన్న పెట్టె తెరుచుకుని సెట్టింగులు రీసెట్ చేయాలా, బయటి ప్లగిన్లను ఆపాలా అని విడివిడిగా అడుగుతుంది. ఇక్కడో కిటుకుంది. విండోస్‌లో ఆల్ట్‌ను ముందే నొక్కి ఐకాన్‌ను డబుల్ క్లిక్ చేస్తే ప్రాపర్టీస్ పెట్టె వస్తుంది తప్ప ప్రీమియర్ రాదు. ముందు క్లిక్, ఆ వెంటనే కీ. వేగాస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్, షిఫ్ట్ రెండూ పట్టుకుని తెరవాలి. ఫైనల్ కట్ ప్రోలో ఆప్షన్, కమాండ్. ఉచితంగా దొరికే కేడెన్‌లైవ్‌కు ‘కేడెన్‌లైవ్ఆర్‌సీ’ అనే ఫైలులో ముఖ్యమైన సెట్టింగులు ఉంటాయి.

ఫైలును చేత్తో తీసేయాల్సి వస్తే డిలీట్ చేయనక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. పాతది కనబడక సాఫ్ట్‌వేర్ కొత్తది రాసుకుంటుంది. అప్పటికీ ఫలితం లేకపోతే పాత పేరు తిరిగి పెట్టేయవచ్చు. ఏమీ పోదు.

గ్రాఫిక్స్ కార్డు గోల

డావిన్సీ కథ తెలిస్తే ఈ గోల అర్థమవుతుంది. 1984లో అమెరికాలోని ఫ్లోరిడాలో మొదలైన డావిన్సీ సిస్టమ్స్ తయారుచేసినవి పెద్ద పోస్ట్ ప్రొడక్షన్ సంస్థలు మాత్రమే కొనగలిగిన కలర్ గ్రేడింగ్ యంత్రాలు. 2009లో ఆస్ట్రేలియాకు చెందిన బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఆ కంపెనీని కొన్నది. 2011లో దాని రిజాల్వ్‌కు ఉచిత వెర్షన్ వచ్చింది. కోట్ల ఖరీదైన గదుల్లో ఉండే విద్య మామూలు కుర్రాడి లాప్‌టాప్‌లోకి దిగింది. తెలుగు యూట్యూబర్లలో, షార్ట్ ఫిల్మ్ తీసేవారిలో ఎందరో ఈ మేలు అందుకున్నారు. అయితే ఆ సాఫ్ట్‌వేర్ పుట్టుక మారలేదు. బొమ్మకు సంబంధించిన లెక్కలన్నీ గ్రాఫిక్స్ కార్డు మీదే వేస్తుంది. కార్డు పాతదైనా, డ్రైవర్ సరిపోకపోయినా గుమ్మంలోనే ఆగిపోతుంది.

లాప్‌టాప్‌లలో ఇంకో మెలిక ఉంది. చాలావాటిలో ప్రాసెసర్‌తో కలిసి వచ్చే చిన్న గ్రాఫిక్స్ ఒకటి, విడిగా ఎన్‌విడియా లేదా ఏఎండీ కార్డు ఒకటి ఉంటాయి. బ్యాటరీ ఆదా కోసం విండోస్ ఒక్కోసారి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను చిన్నదానికి అప్పగిస్తుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి సాఫ్ట్‌వేర్ పేరు ఎంచుకుని ‘హై పెర్ఫార్మెన్స్’ పెడితే ఈ చిక్కు తీరుతుంది.

డ్రైవర్ల విషయంలో కొత్తదే మంచిదన్న నమ్మకం పనికిరాదు. నిన్నటిదాకా నడిచి ఇవాళ ఆగిందంటే, రాత్రికి రాత్రి విండోస్ అప్‌డేట్ డ్రైవర్‌ను మార్చిందేమో చూడాలి. డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ మీట అందుకే ఉంది. ఎన్‌విడియా 2019 నుంచి స్టూడియో డ్రైవర్లను విడిగా ఇస్తోంది. కొత్త ఆటల కోసం ఆదరాబాదరాగా వచ్చే గేమ్ రెడీ డ్రైవర్ల బదులు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లతో పరీక్షించిన వీటిని వాడటం పెళ్లి వీడియోల మీద బతికేవారికి నిశ్చయంగా మేలు.

కూలిన చోట ఆనవాళ్లు

విండోస్ దాదాపు ప్రతి క్రాష్‌నూ రాసి పెడుతుంది. స్టార్ట్ మెనూలో ‘ఈవెంట్ వ్యూయర్’ అని వెతికి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ తెరిస్తే ఎర్ర గుర్తుతో వరసలు కనిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ కూలిన సమయానికి ఉన్న వరసను నొక్కితే ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అన్న చోట ఒక ఫైలు పేరుంటుంది. ఆ పేరు ‘ఎన్‌వీ’ అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా డ్రైవర్ వైపు చూడాలి. ఏదైనా ప్లగిన్ కంపెనీ పేరుంటే దాన్ని పక్కన పెట్టి చూడాలి. ‘ఎన్‌టీడీఎల్‌ఎల్’, ‘కెర్నల్‌బేస్’ అని ఉంటే మాత్రం విండోస్‌ను తిట్టుకోనవసరం లేదు. దెబ్బ ఇంకెక్కడో తగిలి అక్కడ బయటపడిందని మాత్రమే దాని అర్థం.

కింద ఉండే ఎక్సెప్షన్ కోడ్ కూడా మాట్లాడుతుంది. సీ0000005 అంటే తనది కాని మెమరీని తాకబోయింది. సీ0000135 అంటే అవసరమైన డీఎల్ఎల్ ఫైలు దొరకలేదు. సీ000001డీ అంటే ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం ఇచ్చింది. ఈ చివరిది కనిపిస్తే ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ చేసినా వృథా. ఏవీఎక్స్2 అనే ఆదేశాల గుంపు ఇంటెల్ ప్రాసెసర్లలోకి 2013లో వచ్చింది. అంతకు ముందరి చిప్‌లలో అది లేదు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు చవక పెంటియం, సెలెరాన్ చిప్‌లకు దాన్ని ఇవ్వలేదు. అది కావాలని కోరే సాఫ్ట్‌వేర్‌కు పాత వెర్షన్ వెతుక్కోవడమో, యంత్రం మార్చడమో తప్ప దారి లేదు.

ఇంత వివరం చదివే ఓపిక లేనివారికి విండోస్‌లోనే ‘రిలయబిలిటీ మానిటర్’ ఉంది. రోజుల వారీగా ఏ రోజు ఏ అప్‌డేట్ ఎక్కింది, ఏ రోజు ఏది కూలింది అన్నది ఒకే పట్టికలో చూపిస్తుంది. మంగళవారం డ్రైవర్ మారి, బుధవారం నుంచి ఎర్ర గుర్తులు మొదలైతే ఇక చెప్పాల్సిందేముంది? మ్యాక్‌లో కన్సోల్ అనే యాప్ ఈ పని చేస్తుంది. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ను టెర్మినల్ నుంచి తెరిస్తే కూలే ముందు చెప్పిన చివరి మాట అక్కడే కనబడుతుంది.

తెర మీద వచ్చే సందేశాలను మాత్రం పూర్తిగా నమ్మడానికి లేదు. ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్న చాలామందికి ‘వీడియో మెమరీ చాలడం లేదు’ అన్న సందేశంతో ఆటలు మొదట్లోనే కూలిపోయేవి. అందరూ గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. కొందరు కొత్త కార్డులూ కొన్నారు. తీరా చూస్తే ప్రాసెసర్‌కు అవసరానికి మించి వోల్టేజ్ అందడం వల్ల అది క్రమంగా దెబ్బతింటోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టు నుంచి దిద్దుబాట్లు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ దిద్దుబాటు బాగుచేయలేదు. ఈ తరం చిప్‌లతో ఎడిటింగ్ సిస్టమ్ కట్టించుకున్నవారు బయోస్‌ను అప్‌డేట్ చేయించుకున్నారో లేదో ఇప్పుడైనా చూసుకోవాలి.

ప్లగిన్లు, ఫాంట్లు, పేర్లు

ట్రాన్సిషన్ల ప్యాకులు, కలర్ ప్లగిన్లు పెన్‌డ్రైవ్‌ల మీద ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకు ప్రయాణిస్తుంటాయి. అందులో క్రాక్ చేసినవి తక్కువేం కాదు. లైసెన్సు తనిఖీని తప్పించడానికి ఎవరో తెలియనివారు ఫైళ్లను కోసి అతికిస్తారు. సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారగానే ఆ అతుకు ఊడుతుంది. పైగా వాటితోపాటు పాస్‌వర్డులు కాజేసే ప్రోగ్రాములూ వస్తాయి. పెళ్లివారి కుటుంబ దృశ్యాలన్నీ ఉన్న కంప్యూటర్‌లోకి అలాంటిది ఎక్కించడం తప్పు, మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఇది. రిజాల్వ్, కేడెన్‌లైవ్, షాట్‌కట్ చట్టబద్ధంగానే ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఆ అవసరం ఎవరికీ లేదు.

దోషి ప్లగినేనా అని తేల్చుకోవడం సులువు. ప్లగిన్ల ఫోల్డర్‌ను వేరే చోటికి జరిపి సాఫ్ట్‌వేర్ తెరవాలి. తెరుచుకుంటే సగం ప్లగిన్లు తిరిగి పెట్టి చూడాలి. కూలిందంటే ఆ సగంలోనే ఉంది. దాన్ని మళ్లీ రెండుగా విడగొట్టాలి. నలభై ప్లగిన్లున్నా ఆరేడు విడతల్లో అసలుది చిక్కుతుంది.

ఫాంట్లకూ ఇదే పద్ధతి. తెలుగు టైటిళ్ల కోసం స్టూడియోల్లో అను ఫాంట్లు, వాటి పక్కన ఎక్కడెక్కడివో వందల డిజైన్ ఫాంట్లు పేరుకుపోతాయి. ఒక్క ఫాంట్ ఫైలు పాడై ఉన్నా జాబితా కట్టేటప్పుడు సాఫ్ట్‌వేర్ కూలవచ్చు. చివరగా వేసినవి తీసి చూడటం మంచిది. మరో సంగతి, విండోస్ ఎక్కించేటప్పుడు యూజర్ పేరు తెలుగు లిపిలో పెట్టుకున్నవారికి కొన్ని సాఫ్ట్‌వేర్లు తమ ఫోల్డర్ల దారి చదవలేక ఇబ్బంది పెడతాయి. భాష మీద అభిమానంతో చేసిన పనికి ఇలాంటి శిక్ష పడటం బాధాకరం, ఆ లోపాన్ని దిద్దాల్సింది సాఫ్ట్‌వేర్ రాసేవారే. ఈలోగా ఇంగ్లిష్ అక్షరాలతో మరో యూజర్ ఖాతా తెరిచి అందులో ప్రయత్నించవచ్చు. అసలు కొత్త ఖాతాలో తెరవడం అన్నివిధాలా మంచి పరీక్ష. అక్కడ నడిచిందంటే సాఫ్ట్‌వేర్‌లో దోషం లేదు, పాత ఖాతా సెట్టింగుల్లోనో, ఫోల్డర్ల అనుమతుల్లోనో ఉంది.

సీ డ్రైవ్ నిండిపోవడం, హెడ్‌ఫోన్ లేదా ఆడియో ఇంటర్‌ఫేస్ పీకేయడంతో సౌండ్ పరికరం దొరక్కపోవడం, యాంటీవైరస్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో రాయనివ్వకపోవడం కూడా కారణాలే. రెండు నిమిషాల్లో చూసేయవచ్చు.

సాఫ్ట్‌వేరా, ప్రాజెక్టా?

ఖాళీ ప్రాజెక్టుతో తెరుచుకుని, ఫలానా పెళ్లి ప్రాజెక్టును తెరవగానే కూలితే పైన చెప్పినవేవీ అక్కర్లేదు. జబ్బు ఆ ప్రాజెక్టులో ఉంది. ప్రీమియర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిచి, పాతదాన్ని అందులోకి ఇంపోర్ట్ చేస్తే చాలాసార్లు పని బతుకుతుంది. అదీ కుదరకపోతే ఆటో సేవ్ ఫోల్డర్‌లో అంతకుముందు దాచిన కాపీలు ఉంటాయి. ఫుటేజ్ ఉన్న ఫోల్డర్ పేరు తాత్కాలికంగా మార్చి తెరవడం ఇంకో ఉపాయం. క్లిప్పులు కనబడక అన్నీ ‘ఆఫ్‌లైన్’ అని వస్తాయి కానీ టైమ్‌లైన్ తెరుచుకుంటుంది. తర్వాత ఒక్కో ఫోల్డర్‌ను కలుపుతూ పోతే చెడిపోయిన క్లిప్ ఏదో బయటపడుతుంది.

ఏ ప్రయత్నమైనా ఒకసారి ఒక్కటే చేయాలి. డ్రైవర్ మార్చి, ప్లగిన్లు తీసి, సెట్టింగులు రీసెట్ చేసి ఒకేసారి తెరిస్తే సాఫ్ట్‌వేర్ నడవవచ్చు గానీ ఏది పనిచేసిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ కూలినప్పుడు మొదటి నుంచి వెతుకులాట తప్పదు.

కారణం దొరికినా దొరకకపోయినా తయారీదారులకు క్రాష్ రిపోర్ట్ పంపండి. కేడెన్‌లైవ్, షాట్‌కట్ లాంటివాటిని చాలావరకు స్వచ్ఛందంగా పనిచేసేవారు నిలబెడుతున్నారు. మన దగ్గరి యంత్రాలు, మన ఫాంట్లు, మన లిపిలోని ఫోల్డర్ పేర్లు వారి కళ్లబడాలంటే మనవాళ్లే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ వెర్షన్, విండోస్ వెర్షన్, గ్రాఫిక్స్ డ్రైవర్ సంఖ్య, ఫాల్టింగ్ మాడ్యూల్ పేరు, కూలడానికి ముందు రోజు కంప్యూటర్‌లో ఏం మారింది... ఈ అయిదు వివరాలు రాస్తే చాలు. ‘ఓపెన్ అవ్వట్లేదు’ అన్న ఒక్క ముక్క రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఈ ఆదివారం సాఫ్ట్‌వేర్ బాగానే నడుస్తున్నవారు ప్రాజెక్టు ఫైళ్లను, రిజాల్వ్ అయితే దాని డేటాబేస్ ఫోల్డర్‌ను, మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఫుటేజ్‌తో పోలిస్తే వాటి పరిమాణం చాలా తక్కువ, మామూలు పెన్‌డ్రైవ్ సరిపోతుంది.